వెనక్కి చూడని రాజు

బూజుకర్ర తగిలి రాజుగారి తల కిందపడి ముక్కలైంది.

మైనపు తలే. కానీ ఆ మ్యూజియంలో దర్బారు హాలు ఊడ్చే ఆవిడ ఉద్యోగం మైనంది కాదు. పెద్దాఫీసరు తనిఖీకి వచ్చే వేళయింది. లబోదిబోమంటూ మొగుణ్ణి పిలిచింది. అతను అక్కడే కాపలాదారు. జీతం ఎలా ఉన్నా మీసాలు మాత్రం మహారాజువే.

“ఎక్కి కూర్చోండి సింహాసనం,” అంది.

“నీకేమైనా మతి పోయిందా?”

“తిట్లు తర్వాత. ముందు కిరీటం పెట్టుకోండి. మేనేజరుకి జ్వరమట, రానని ఫోన్ చేశాడు. అదే మన అదృష్టం.”

ఇద్దరూ విరిగిన రాజును తెర వెనక్కి ఈడ్చారు. అక్కడ అప్పటికే ఏదో గోనెమూట అడ్డంగా ఉంది. దాన్ని కాలితో పక్కకు నెట్టారు. సింహాసనం వెనక నిలబడ్డ గడ్డాల మంత్రి చేతికి దుమ్ముగుడ్డ తగిలించి, ఆమె మొగుడికి జరీకోటు తొడిగింది.

అంతలో ఆఫీసరు తల వంచుకుని లోపలికొచ్చాడు. వినయం కాదు, గుమ్మమే అంత పొట్టి. ఎంతటివాడైనా వంగే రావాలని వెనకటి రాజు అలా కట్టించాడు.

“మంత్రిని వెనకెందుకు నిలబెట్టారో తెలుసా అమ్మా?” అన్నాడు ఆఫీసరు. “రాజు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే మంత్రిని నమ్మనట్టు. అదీ ఈ సభ మర్యాద.”

జరీకోటు దుమ్ము కాపలాదారు ముక్కుకెక్కింది. ముంచుకొస్తున్న తుమ్మును పళ్లబిగువున ఆపుకున్నాడు.

“రాజు భేష్! ప్రాణం ఉట్టిపడుతోంది. మంత్రే తేలిపోయాడు. మొహం మీద ఆ జిడ్డేమిటి? మైనం కరుగుతున్నట్టుంది, తుడిపించండి,” అని ఆఫీసరు బయల్దేరాడు. ఆమె సాగనంపడానికి వెంట వెళ్లింది.

కాపలాదారుకు ప్రాణం లేచొచ్చింది.

“గండం గడిచింది మంత్రీ!” అన్నాడు, మర్యాద తప్పకుండా ముందుకే చూస్తూ. “ఆ మేనేజరుగాడు ఉండుంటే మమ్మల్ని నమిలి మింగేసేవాడు. ఆ గుమ్మం ఇంకో జానెడు పొట్టిగా కట్టాల్సింది. రోజూ వాడి నెత్తికి బొప్పి కట్టేది.”

అప్పుడొచ్చింది తుమ్ము. హాలంతా మారుమోగింది.

“చిరంజీవ! నిన్న తలపాగా పెట్టుకుని ఫొటో దిగబోయి నేను మంత్రిని విరగ్గొట్టిన సంగతి నువ్వు చెప్పకు, మీ ఆవిడ సంగతి నేను చెప్పను,” అన్నాడు వెనక నుంచి మేనేజరు, దుమ్ముగుడ్డతో మొహం తుడుచుకుంటూ.