పెద్దమ్మాయి కుట్టు

“పది కాలాలపాటు నలుగురూ నా పేరు చెప్పుకోవాలి” అంటూ చిన్నమ్మాయి తను కుట్టిన కొత్త రకం కాలరును దుకాణానికొచ్చిన ఆవిడకి చూపించింది.

ఆవిడ దాన్ని తిరగేసి, లోపలి కుట్టు చూసి మురిసిపోయింది. “ఓహో, పెద్దమ్మాయి కుట్టు!”

ఆవిడ గడప దాటగానే చిన్నమ్మాయి కత్తెర అందుకుంది. “నేనేం కుట్టినా అక్క పేరే! విప్పి పారేస్తా.”

మూల కూర్చుని గుండీలు కుడుతున్న తల్లి దారం పుటుక్కున కొరికింది. “ఆ కుట్టు మీ అక్కకి నేర్పింది నేనే. ఊరంతా దాని పేరు పెట్టి పిలుస్తుంటే నాకు మాత్రం కడుపు మండలేదా?”

చిన్నమ్మాయి చేతిలో కత్తెర ఆగిపోయింది. “మరి నీకెవరు నేర్పారమ్మా?”

“మా పక్కింటావిడ. చెయ్యి పట్టుకుని మరీ నేర్పింది.” తల్లి సూదిలోకి దారం ఎక్కించబోయి ఆగింది. “ఆవిడ పేరు... ఏంటబ్బా, గుర్తు రావట్లేదే!”