అయిదేళ్ల తేదీలు

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్రు సార్?"

ఆసుపత్రి బెంచీ మీద పక్కనున్న మనిషి గట్టిగా అడిగాడు.

పెద్దిరాజు ముఖం కందగడ్డలా అయింది.

నిజానికి ఆ వరసలో తెలుగు తెలిసినవాళ్లు వాళ్లిద్దరూ, పెద్దిరాజు భార్య సీతారత్నమూ మాత్రమే. మిగతా అందరూ హిందీవాళ్లు, పంజాబీలు. అయినా పెద్దిరాజుకు ఢిల్లీ అంతా విన్నట్టే అనిపించింది.

అది 1982 చలికాలం. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరని ఆయనకు ఆపరేషన్ చేసి రెండు నెలలైంది. గండం గడిచింది కాబట్టి ఈ ఒక్కసారితో సరి, ఇంక ఈ బెంచీ మొహం చూడకూడదని ఆ ఉదయమే ఒట్టు పెట్టుకున్నాడు.

"మీరెవరు?"

"లింగయ్య సార్. ఆర్కే పురం సర్కారు క్వార్టర్లల ఉంట."

"ఏ టైపు క్వార్టరు?"

ఢిల్లీలో తెలుగు ఆఫీసరు సాటి తెలుగువాణ్ణి కొలిచే బద్ద అదొక్కటే. టైపు తెలిస్తే జీతం తెలుస్తుంది. జీతం తెలిస్తే ఎంత మర్యాద ఇవ్వాలో తేలిపోతుంది.

"టైప్ వన్ సార్."

అంటే ప్యూను. ఒంటి మీద ఖాకీ స్వెట్టరు, చేతిలో రూళ్ల కాగితాలు. ఆసుపత్రి ప్యూనేనని పెద్దిరాజు తేల్చేశాడు. ఆ క్షణమే "మీరు" కాస్తా "నువ్వు" అయింది.

"నీ పని నువ్వు చూసుకో."

"ఇదే సార్ నా పని." లింగయ్య అప్పుడే కాగితం మీద తేదీలు రాయడం మొదలుపెట్టాడు. "రెండేండ్లు మూడు నెల్లకోసారి రావాలె. ఆ తర్వాత ఆర్నెల్లకోసారి. మొత్తం అయిదేండ్లు. డాక్టర్ సాబ్ చేత్తో చూడకముందే రక్తం ఇయ్యాలె, చూసినాంక ఇస్తే లెక్క తప్పొస్తది. నడుం నొస్తే వాతమని నూనె రాసుకుంట కూసోవద్దు, ఆ దినమే ఉరికి రావాలె. దగ్గితే బట్ట తడుస్తున్నదా?"

"చుప్!"

తడుస్తోంది. ఆ సంగతి సీతారత్నానికి తెలియదని పెద్దిరాజు నమ్మకం. బట్టలు ఉతికేది ఆవిడేనని ఆయనకు తోచలేదు.

"సిగ్గేంది సార్? ఒంటేలుకు వస్తే ఆపుకున్నట్టు బిగబట్టి, పది లెక్కబెట్టి ఒదలాలె. పొద్దుగాల, మాపటీలి చేస్తే రెండు నెలల్ల సర్దుకుంటది."

పెద్దిరాజు లేచి నిలబడ్డాడు. "నేను అండర్ సెక్రటరీని. ఓ ప్యూను నాకు తారీఖులు చెప్పేదేమిటి?"

కాగితం కింద పడేశాడు. సీతారత్నం దాన్ని తీసి సంచీలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ తమ ఇంటి అడ్రసు కూడా లింగయ్యకు చెప్పింది.

"తిట్టనీకైనా రాండ్రి సార్," అని నవ్వాడు లింగయ్య.

పెద్దిరాజు పనిచేసేది దేశానికి అయిదేళ్ల ప్రణాళికలు రాసే ఆఫీసులో. తన ఒంటికి మాత్రం ఆయన దగ్గర అయిదు రోజుల ప్రణాళిక కూడా లేదు. మొదటి తారీఖు రానే వచ్చింది. వారం రోజులుగా నడుము సన్నగా నొస్తుంటే, వాతమేలెమ్మని నూనె రాసుకుంటున్నాడు.

ఆ ఉదయం తలుపు తీస్తే ఎదురుగా లింగయ్య.

రెండు బస్సులు మారి వచ్చాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి ఎక్కాడు. కూర్చుని జీతం తినే ఒళ్లు, బరువెక్కక ఏమవుతుంది అనుకున్నాడు పెద్దిరాజు. లోపలికి రమ్మనలేదు.

"ఇయ్యాల తారీఖు సార్."

"ఇంటి మీదికి కూడా వచ్చేస్తావా?"

"మీరు రాకుంటే నేను రావాలె గద సార్."

సీతారత్నం చెప్పులేసుకుని వచ్చింది. "ఏవండీ, నాకు మీ పరువుకంటే మీరే ముఖ్యం. పదండి."

వదిలించుకోవడానికే వెళ్లాడు. ముందు రక్తం ఇచ్చాడు. నడుముకు ఎక్స్‌రే తీశారు. డాక్టరు త్యాగరాజు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"ఎముకలో చిన్న మచ్చ ఉంది. ఇప్పుడే దొరికింది కాబట్టి మాత్రలతో అదుపులో పెడదాం. ఆరు నెలలు ఆగి వచ్చుంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదండీ."

పెద్దిరాజు ఇంటికి రాగానే సీతారత్నం దాచిన తారీఖుల కాగితాన్ని తానే గడ్డం గీసుకునే అద్దం పక్కన అంటించాడు.

ఆ తర్వాత ఒక్క తారీఖూ తప్పలేదు. నొప్పి తగ్గింది. బట్ట తడవడం ఆగింది. ఆఫీసులో ఎవరు ఆరోగ్యం అడిగినా, "మా తెలుగువాడు వేసిచ్చిన ప్లానండీ!" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. బెంచీ మీద లింగయ్య కనిపిస్తే మాత్రం ఒక్కసారి తల ఊపి ఊరుకునేవాడు. కృతజ్ఞత గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. అండర్ సెక్రటరీ గొంతు కదా మరి.

ఏడాది తిరిగాక ఆ గొంతు కూడా మెత్తబడింది. పెద్దిరాజు స్వయంగా టైపు మిషను ముందు కూర్చుని ఆసుపత్రికి ఉత్తరం కొట్టాడు. శ్రీ లింగయ్యగారి వంటి సిబ్బంది ఉండటం మీకు గర్వకారణం, వారికి వెంటనే ప్రమోషన్ ఇవ్వవలసింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన ఎవరినీ ఇంతగా మెచ్చుకోలేదు.

తర్వాతి తారీఖున బెంచీ మీద లింగయ్య లేడు. ఉత్తరాన్ని డాక్టరుగారి చేతికే ఇచ్చాడు.

త్యాగరాజు రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పోయిన వారం ఆయన పోయారండీ. చివరి రోజున కూడా మీ తారీఖు గుర్తు చేశారు."

పెద్దిరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

"కనీసం ఆయన పై ఆఫీసరుకైనా ఈ ఉత్తరం చేరాలి. లింగయ్యగారు ఇక్కడ ఏ సెక్షనులో పనిచేసేవారు?"

"ఆయన మా ఉద్యోగి కారండీ," అన్నారు డాక్టరు. "మీకంటే మూడేళ్ల ముందు ఇదే ఆపరేషన్ చేయించుకుని, నయమైపోయింది గదా అని ఒక్క తారీఖుకూ రాకుండా ఉండిపోయిన మా పేషెంటు."