కొత్త అద్దం

"సోమవారం నుంచి పాపని స్కూల్లో నేనే దింపుతాను. ఇంక ఆ మాట ఎత్తకు."

నాన్న గొంతు అద్దాల షాపంతా వినిపించింది. కూతురు స్టూలు మీంచి మళ్ళీ లేచింది. కారుకి కొత్త అద్దం పెట్టడం అయింది. వైపర్లు బిగిస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఈలోపే ఆయన్ని ఒప్పించాలి. ఇంటికెళితే పాప తాతయ్య మెడ పట్టుకుని వేలాడుతుంది. ఇక తను నోరెత్తడానికి ఉండదు.

"ఆటోలో పంపుతాను నాన్నా. నీకెందుకు శ్రమ?"

"శ్రమా? ఊరి జనాన్నంతా బస్సులో మోసినవాణ్ణి. అరబస్తా బరువు లేని పిల్లని మొయ్యలేనా?"

"మరి ఈ అద్దం ఎలా పగిలింది?"

"నేను పగలగొట్టానా? లారీవాడు ఇనప చువ్వలు బయటికి వేలాడేసి, ఓ ఎర్రగుడ్డయినా కట్టకుండా ఆపాడు. వాణ్ణి అడగవేం?"

నిజమే కావచ్చు. ఎర్రగుడ్డ ఉందో లేదో చూసినవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆ చువ్వ ఇంకో జానెడు లోపలికి వచ్చి ఉంటే? ఆ ఆలోచనే ఆమెకు రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా చేసింది. ముందు సీట్లో, తాతయ్య పక్కన కూర్చునేది పాప.

"ఒక్కసారి కళ్ళు చూపించుకో నాన్నా. నాకోసం."

"నా కళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి." ఆయన చెయ్యెత్తి ఎదుటి గోడమీది బోర్డు చూపించాడు. "'పాత అద్దములు వాపసు ఇవ్వబడవు.' చాలా? కింద సన్నక్షరాలు కూడా చదవనా?"

అక్షరం పొల్లుపోలేదు. ఆమెకు సిగ్గేసింది. అమ్మ పోయాక ఆయన మొహం కాస్త తేటపడేది ఆ స్టీరింగు ముందు కూర్చున్నప్పుడే. తను దాన్ని కూడా లాక్కుంటోందా?

"పెద్దాయనతో పెట్టుకోకక్కా," అన్నాడు మేస్త్రీ, బానెట్ మీదికి వంగి. "నా షాపుకి మొదటి బోణీ ఆయనదే. ఆ బోర్డుకి మేకు కొట్టిందీ ఆయనే."

నాన్న మీసం సవరించుకుని, చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

మేస్త్రీ వైపర్లు బిగించి, స్విచ్ వేసి ఆపాడు. రెండూ అద్దం నడుమ నిటారుగా నిలబడిపోయాయి. అతను నాలిక కరుచుకున్నాడు.

"తొందరపడ్డాను. మోటారు సగంలో ఆగి ఉండగా బిగించేశాను. అది తన చోటికి వచ్చి ఆగాకే పెట్టాలి. పెద్దాయన చూశారంటే నాకు అక్షింతలే!" అంటూ గబగబా రెండు వైపర్లూ ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. "కాస్త పట్టుకో అక్కా. కొత్త అద్దం మీద పెడితే గీతలు పడతాయి."

అంతలో ఒక నట్టు చేజారి కారు కిందికి దొర్లింది. మేస్త్రీ నేలమీద బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పోనిచ్చాడు.

నాన్న పంచె అంచుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏరా, అయిందా?"

"ఆ... అయినట్టే పెద్దాయనా!" కారు కింద నుంచి జవాబొచ్చింది.

ఆయన తలుపు తీసి సీట్లో కూర్చున్నాడు. ఇంజను జోలికి పోకుండా తాళం ఒక్క మలుపు తిప్పి, స్టీరింగు పక్కనున్న మీట లాగాడు. సన్నని జల్లు ఎగిరి అద్దం మీద పడింది. మోటారు బుర్రుమంది. నీళ్ళు వంకరటింకరగా ధారలు కట్టి, అద్దం మీద తమ ఇష్టం వచ్చినట్టు కిందికి జారుతున్నాయి.

ఇంకా కాలేదని చెప్పబోయి ఆమె నోరు తెరిచింది.

నాన్న ఆ అద్దంలోంచే ఆమె వైపు చూసి, ముచ్చటపడిపోతూ అన్నాడు:

"చూశావా అమ్మలూ? ఎంత నున్నగా తుడిచాయో! ఒక్క చుక్క మిగిలితే ఒట్టు!"

మేస్త్రీ నట్టుతో పైకి లేచి, వైపర్ల కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.