చుక్క ఎక్కే బండి

లారీ వెనక తలుపు ధడేలుమని నేలను తాకింది. చుక్క అనే గుర్రం నాలుగడుగులు వెనక్కి వేసి, చెవులు తలకు అంటించేసుకుంది.

"అంత గట్టిగా పడేస్తే ఎవరెక్కుతారు తమ్ముడూ? నువ్వెక్కుతావా?" అంది గుర్రాలమ్మ.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పిన మనిషి కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

"నేను రోజూ ఎక్కుతూనే ఉన్నానక్కా," అన్నాడు బండ్లాయన. గుర్రాలను తీసుకెళ్లే బళ్లు ఆయన దగ్గర రెండున్నాయి, అద్దెకిస్తాడు. ఒకటి లారీ, ఇంకొకటి జీపు వెనక తగిలించే ట్రైలర్. రెండూ ఒకేసారి తెప్పించి వాకిట్లో నిలబెట్టిన మనిషిని ఇదే చూడటం. "దూరమెంతో చెప్పండి. ఏ బండో నేనే తేల్చేస్తాను."

"ఏడు గంటల దారి. రేపు పొద్దున్నే ప్రయాణం. ఏ బండో నువ్వు తేల్చక్కర్లేదు, అదే తేలుస్తుంది."

గోడ పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చున్న ఆడపడుచు మూతి తిప్పింది. "మా వదిన నన్నెప్పుడైనా ఏ బండెక్కుతావని అడిగిందా? బస్సొస్తే వెనకనుంచి తోసేసేది."

"నీకు తోపు దేనికి? సీటు కనబడితే చాలుగా."

నాలుగేళ్ల కిందట గుర్రాలమ్మ ఇంట్లో లేని రోజున, చుక్కను లారీ ఎక్కించడానికి నలుగురు తాళ్లు కట్టి లాగారు. ఐదోవాడు వెనకనుంచి కర్ర తీశాడు. సగం ఎక్కాక కాలు జారి పక్కకు పడిపోయింది. మోకాలి మీద ఆ మచ్చ దగ్గర ఇప్పటికీ వెంట్రుక మొలవలేదు. దానికి మందు రాస్తూ గుర్రాలమ్మ ఒట్టు పెట్టుకుంది, ఇక దీని ఒంటిమీద కర్ర పడకూడదని. రేపటిలోగా చుక్క తనంతట తాను బండెక్కాలి. లేదంటే మళ్లీ అవే తాళ్లు, అదే కర్ర.

"లారీ అయితే గుర్రం డ్రైవర్ వీపు వెనకాలే ఉంటుంది. మలుపుల్లో ఊగదు," బండ్లాయన చెప్పుకుపోతున్నాడు. "ట్రైలర్ ఎత్తు తక్కువ, ఎక్కడం సులువు. కాకపోతే గతుకుల్లో కాస్త తోకాడిస్తుంది."

గుర్రాలమ్మ లారీలోకి ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని, పరిచిన రబ్బరు చాపకు ముక్కు ఆనించింది.

"అందరూ టైర్లు తన్ని చూస్తారు, ఇంజను వింటారు. మీరేంటక్కా నేల వాసన చూస్తున్నారు?"

"దాని ముక్కుకు ఏం తగులుతుందో తెలియొద్దూ?"

కిందికి దిగి, చుక్క తాడు వదులుగా పట్టుకుని ముందు నడిచింది. మొదటిసారి చుక్క ముందుకాళ్లు తలుపు మీద పెట్టి ఆగిపోయింది. రెండోసారి సగం దాకా వచ్చింది. మూడోసారి ఆమె భుజానికి మూతి ఆనించుకుని, నీడలా లోపలికి వచ్చేసింది.

బండ్లాయన చప్పట్లు కొట్టబోయి, గుర్రం బెదురుతుందని చేతులు గాల్లోనే ఆపాడు. "లారీ ఖాయం!"

"దింపు."

"అదేంటక్కా! ఎక్కిందిగా!"

"నన్ను చూసి ఎక్కింది. నేను బావిలో దూకినా నా వెనకే దూకుతుంది. అది లెక్కలోకి రాదు. ఇప్పుడు నువ్వు పిలువు."

"నేనా? దానికి నేనెవరో కూడా తెలియదే!"

"అందుకే పిలవమంటున్నా."

"నేనైతే చచ్చినా దాన్ని ఇంకొకరి పిలుపుకి అలవాటు చేసేదాన్ని కాదు వదినా," అంది ఆడపడుచు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"తెలుసు. కూర్చో," అని గుర్రాలమ్మ గోడ వెనక్కి వెళ్లిపోయింది.

బండ్లాయన పిలుపుకి చుక్క లారీ వైపు తలైనా తిప్పలేదు. ట్రైలర్ దగ్గరా అంతే. గోడ వెనకనుంచి ఆజ్ఞలు వస్తూనే ఉన్నాయి. "తాడు లాగకు! దాని కళ్లలోకి చూడకు, పక్కకు తిరిగి నిలబడు! ట్రైలర్‌కి ముందువైపు తలుపు కూడా తెరువు, అవతలి వెలుతురు కనబడాలి. దాని పాకలోంచి నలిగిన గడ్డి తెచ్చి లోపల పరుచు!"

మధ్యాహ్నం దాటింది. బండ్లాయన చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. "మా ఆవిడని కూడా ఇంత బతిమాలలేదక్కా."

"బతిమాలి ఉంటే ఈపాటికి అన్నం క్యారేజీ వచ్చేది," అంది ఆడపడుచు.

అప్పుడే చుక్క మెడ సాచి ట్రైలర్‌లోని గడ్డి వాసన చూసింది. ఒక కాలు పెట్టింది. ఆగింది. రెండో కాలు. తర్వాత ఎవరో పిలిచిన చుట్టాల ఇంట్లోకి నడిచినట్టు నిదానంగా లోపలికి వెళ్లి గడ్డి నమలడం మొదలుపెట్టింది.

గుర్రాలమ్మ ఒప్పుకోలేదు. మళ్లీ దింపించింది, మళ్లీ ఎక్కించింది. ఒకసారి బండ్లాయన టోపీ పెట్టుకుని పిలిచాడు, ఒకసారి ఆడపడుచు పిలిచింది. ఆఖరిసారి చుక్క గోడ వైపు ఒక్కసారి కూడా చూడకుండా ఎక్కేసింది.

"చాలు," అంటూ గుర్రాలమ్మ చేత్తో ముఖం తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ట్రైలరే."

బండ్లాయన ముఖం వెలిగిపోయింది. "మంచి పని చేశారు! కాకపోతే ట్రైలర్‌తో వెనక్కి తిప్పడం అలవాటుండాలక్కా. మనం స్టీరింగు ఎడమకు కోస్తే అది కుడికి పోతుంది. ఓ గంట కూర్చుంటే నేర్పించేస్తాను. రేపు జీపు తోలేది మీరేగా?"

గుర్రాలమ్మ చుక్క మెడ మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకుంది.

"కాదు, చుక్కని కొన్నాయన."