ఒక్క వరస తేడా

"తేడా వచ్చింది కదమ్మా. ఇక నీ గ్రేడిల్‌ని మూట కట్టెయ్," అన్నాడు పెద్దాయన, కుర్చీలో వెనక్కి వాలి.

మీటింగు గదిలో ఉన్న ఎనిమిది మందీ గోడమీది తెర వైపు చూశారు. తెర నిండా పోయినేడాది పరీక్ష ఫలితాలు. ఎడమ పక్కన, మార్కులు లెక్కవేసే ఆఫీసు జావా ప్రోగ్రాంని ఎప్పట్లా మేవెన్ అనే టూల్‌తో బిల్డు చేస్తే, అంటే కోడంతా కూర్చి నడిచేలా తయారుచేస్తే, వచ్చిన జాబితా. కుడి పక్కన, అదే ప్రోగ్రాంని గ్రేడిల్ అనే కొత్త టూల్‌తో బిల్డు చేస్తే వచ్చింది. ఎనిమిది వేల నాలుగొందల పన్నెండు వరసల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, ఎర్రగా వెలుగుతోంది.

షరతు పెట్టింది పెద్దాయనే. రెండు జాబితాలూ కామాలతో సహా కలిస్తే మేవెన్‌కి సెలవు. ఒక్క అక్షరం తేడా వచ్చినా, గ్రేడిల్ తెచ్చిన అమ్మాయి రెండు నెలల పని చెత్తబుట్టకి. ఆ మేవెన్ ఫైలు పదకొండేళ్లుగా ఆయన చేతుల్లో పెరిగింది. మూడు వేల లైన్లు. బిల్డు మొదలుపెట్టి, భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వచ్చినా ఇంకా నడుస్తూనే ఉంటుంది. అయినా దాంట్లో వేలు పెట్టడానికి ఆఫీసులో ఎవరికీ గుండెల్లేవు. పెట్టిన ఆ ఒక్క అమ్మాయికీ అందరూ కలిసి గ్రేడిలమ్మ అని పేరు తగిలించారు.

గ్రేడిలమ్మ ఆ ఎర్ర వరసనే చూస్తోంది. ఎడమ పక్కన ముప్పై తొమ్మిది, ఫెయిల్. కుడి పక్కన నలభై, పాస్.

"తప్పినవాళ్లని పాస్ చేసేస్తోంది. జాలిగుండె, పాపం," అన్నాడాయన.

గదంతా నవ్వింది. పెద్దాయన జోకు వేస్తే నవ్వకుండా ఉండే ధైర్యం ఎవరికుంది? ఫెయిలైన ప్రతివాళ్లూ బాగానే రాశామంటారనీ, మెషీన్‌కి అబద్ధం చెప్పాల్సిన ఖర్మేమిటనీ కూడా అన్నాడు. నాలుగింటికి వేరే పనుందని గడియారం చూసుకున్నాడు.

ఆమె ఐదు నిమిషాలు అడిగింది. ఇష్టం లేకపోయినా ఇచ్చాడు.

మూడో నిమిషంలోనే దొరికింది. మార్కులు లెక్కవేసే లైబ్రరీ, అంటే బయటివాళ్లు ముందే రాసిపెట్టిన కోడు, ఒకటే, కానీ ప్రాజెక్టులో దాని వెర్షన్లు రెండు తగులుతున్నాయి. అలాంటప్పుడు మేవెన్ తనకి దగ్గర్లో కనిపించినదాన్ని పట్టుకుంటుంది. గ్రేడిల్ రెండింట్లో కొత్తదాన్ని తీసుకుంటుంది. మేవెన్ ఇన్నేళ్లూ వాడుతున్న పాత వెర్షన్లో, అర మార్కు దగ్గర ఎప్పుడో ఒకసారి లెక్క జారిపోయే లోపముంది. కొత్తదాంట్లో దాన్ని సరిచేశారు. ఆమె ఇదంతా చెబుతుంటే పెద్దాయన మొహం కందగడ్డలా అయింది.

"అంటే ఇన్నేళ్ల నా లెక్క తప్పంటావా?"

"నేననను సార్. మీరే కాగితం మీద వేసి చూడండి."

రాత పరీక్షలో ముప్పై ఎనిమిది, ప్రాక్టికల్స్‌లో నలభై మూడు అని ఆమె చదివింది. రాతకి డెబ్భై శాతం, ప్రాక్టికల్స్‌కి ముప్పై శాతం. ఆయన జేబులోంచి పెన్ను లాగాడు. ఇరవయ్యారు పాయింట్ ఆరు. పన్నెండు పాయింట్ తొమ్మిది. కలిపితే ముప్పై తొమ్మిదిన్నర. అర వస్తే పైకే తీసుకోవాలని రూలు. అంటే నలభై. పాస్ మార్కూ నలభయ్యే.

కొట్టేసి మళ్లీ వేశాడు. మళ్లీ నలభయ్యే వచ్చింది. పెన్నుకి మూత పెట్టి, రేపట్నుంచి గ్రేడిల్‌కి మారిపొమ్మన్నాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మొండిఘటమే కానీ లెక్క దగ్గర మాత్రం నిఖార్సైన మనిషి.

చప్పట్లు మోగాయి. ఇందాక నవ్వినవాళ్లే అందరికన్నా గట్టిగా కొట్టారు. గ్రేడిలమ్మకి ఏనుగెక్కినంత సంబరమైంది, దాన్ని దాచుకునే ప్రయత్నం కూడా ఆమె చెయ్యలేదు. రెండు నెలలు అందరి చేతా మాటలు పడింది మరి.

ఇక ఆ విద్యార్థి సంగతి పరీక్షల బోర్డుకి రాయాలి. హాల్ టికెట్ నంబరు కోసం ఆమె జాబితాని పక్కకి జరిపింది. నంబరు తెర మీదికి రాగానే, అదెవరిదో చూసి పేరు చెప్పమని పక్క సీటతన్ని అడిగింది.

అతను వెతికేలోపే పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆ నంబరు మీంచి చూపు తిప్పకుండా, ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఓటమి మింగుడు పడలేదేమోనని అందరూ తలలు దించుకున్నారు.

"అమ్మలూ, నేను, నాన్నని. పెట్టెయ్యకమ్మా, ఈ ఒక్క మాటా విను. నువ్వు పాసయ్యావు."