రాణికి పరీక్ష

"అది చూడకూడదు. కండ్లు మూసుకోమను," అన్నాడు చెన్నప్ప, మూడు స్టీలు గ్లాసులు వరసగా బోర్లిస్తూ.

"కుక్క కండ్లు మూసుకుంటుందా తాతా? నేనే తలుపు వెనక్కి పిల్చుకుపోతా," అంది నయన నవ్వుతూ. బెంగళూరులో సైకాలజీ చదువుతున్న ఈ మనవరాలు పొద్దున్నే కేజీఎఫ్‌లో దిగి, రాణికి పరీక్ష పెట్టాలంది.

పన్నెండేళ్ల రాణి మీద ఉన్న నేరం ఒకటే, ఇల్లు మరచిపోవడం. మైనింగ్ కాలనీలో లైన్ల ఇళ్లన్నీ ఒకే అచ్చు. పోయిన నెల చెన్నప్ప, రాణి వాకింగ్‌కి పోయి, రెండుసార్లు పక్క లైన్లో పిల్లప్ప ఇంటి తలుపు ముందు తేలారు. "రాణే లాక్కుపోయింది," అన్నాడు చెన్నప్ప. ఊరి చుట్టూ పాత గని గుంతలు. వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు ఆనంద్ హడలిపోయాడు. ఇంక అక్కడ ఉంచేది లేదు, వేమగల్‌కి తెచ్చేసుకుంటానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి చెన్నప్పకు ముద్ద దిగడం లేదు.

"తెలీనప్పుడు తెలీదని దానికే తెలుస్తాదా లేదా, అదే చూడల్ల," అంది నయన. "బిస్కెట్ దాచేది నీ పని తాతా."

వాసన పట్టకుండా గ్లాసులన్నిటికీ బిస్కెట్ పొడి రాసింది. కళ్లెదుట దాచినప్పుడు రాణి నేరుగా వచ్చి సరైన గ్లాసును పడగొట్టింది. చాటున దాచినప్పుడు మాత్రం ఏ గ్లాసునూ ముట్టలేదు. కూర్చుని చెన్నప్ప ముఖంలోకి చూసింది.

"కుక్కకుండే బుద్ధి మనుషులకు లేదు," అంది చెన్నప్ప భార్య వెంకటలక్ష్మమ్మ, చేటలో రాగులు చెరుగుతూ. "మీ తాత దావ తెలీదని ఎప్పుడన్నా ఒప్పుకున్నాడా?"

భోజనాలయ్యాక నయన నోట్‌బుక్ తెరిచింది. "తాతా, మూడోసారి ఏ గ్లాసు కింద పెట్టినావు? నేను రాసుకోలేదు."

చెన్నప్ప నోరు తెరిచి, ఆగాడు. "గ్యాపకం లేదమ్మా. నడిమిదేమో."

"ఏదో ఒకటి చెప్పు తాతా, రాసుకుంటా."

"ఊహించి చెప్పకూడదు. గనిలోకి మనుషుల్ని దింపే కేజు నడిపినోణ్ని నేను. గంట ఎన్నిసార్లు కొట్టినారో అనుమానమొస్తే లివర్ ముట్టుకోము. మళ్లీ కొట్టమంటాము. కింద మనుషులుంటారు కదా. తెలీదని రాసుకో."

వెంకటలక్ష్మమ్మ చెరగడం ఆపి భర్త వైపు వింతగా చూసింది.

నయన వాకిట్లోకి పోయి వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది.

"నాన్నా, భయపడేదేం లేదు. డాక్టర్ చెప్పినట్టే అంతా చూసినాను. మరుపు ఉండాది. కానీ మరిచిన సంగతి తనకే తెలుస్తాండాది. తెలీనప్పుడు ఊరికే ముందుకు పోకుండా ఆగిపోయేది ఉండాది. వేమగల్‌కి తీసుకుపోయే పనే లేదు. ఈ ఇంట్లోనే ఉండనీ."

అవతల ఆనంద్ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. నయనకు నెల రోజుల బరువు దిగిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. చున్నీతో తుడుచుకుని వెనక్కి తిరిగింది.

గుమ్మంలో చెన్నప్ప నిలబడి ఉన్నాడు. మిగిలిన బిస్కెట్లన్నీ రాణికి పెట్టి, దాని మెడ నిమురుతూ మెల్లగా అడిగాడు.

"అయితే నేను పాసైనట్టేనా తల్లీ?"