మర్చిపోయిన మాత్రలు

పరుగు ప్రాక్టీసు నుంచి కుంటుతూ వచ్చిన కూతురి ముందు తల్లి విటమిన్ మాత్ర పెట్టింది.

"వేసుకో. కండరాలు కోలుకుంటాయి."

"వద్దమ్మా."

"మీ అన్నకి ఆ వారం మాత్రలు తేవడం మర్చిపోయాను. పరుగెడుతూ ట్రాక్ మీదే పోయాడు. నిన్నూ పోగొట్టుకోమంటావా?"

మూడేళ్లుగా తల్లిది ఇదే మాట.

"టీము డాక్టర్ని అడిగానమ్మా. వీటివల్ల కాళ్ల నొప్పే పెద్దగా తగ్గదట, ఇక ప్రాణమేం నిలుస్తుంది? అన్న పోయింది నీ మతిమరుపు వల్ల కాదు."

తల్లి కుర్చీలో కూర్చుంది. ముఖం తేటపడింది.

"మరి దేనివల్ల కోలుకుంటారటే?"

"నిద్ర, విశ్రాంతి. ఒళ్లు వద్దంటే ఆగాలట."

తల్లి మాత్రని తిరిగి డబ్బాలో వేసింది.

"ఆ పొద్దున జ్వరంగా ఉంది, పడుకుంటానన్నాడే వాడు," అంది. "దుప్పటి లాగి లేపింది నేనే."